'ఫిఫ్త్' అంటే ఏ ఫిఫ్త్? ఒక మెరీన్ ట్రంకు పెట్టె డైరీ

జనవరి 12, ఆదివారం

ఇక్కడ అమెరికాలో, ఓషన్‌సైడ్‌లో, మా వీధి చివరింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. గరాజ్ ఖాళీ చేయిస్తుంటే గోడవారన ఒక ట్రంకు పెట్టె బయటపడిందట. నాకు రెండో ప్రపంచయుద్ధం నాటి సామాన్ల మీద ఆసక్తి ఉందని ఆవిడకి తెలుసు, అందుకే కబురు చేశారు. "అమ్మేసే ముందు నువ్వొకసారి చూసి, ఏది ఏమిటో రాసిపెట్టు" అన్నారు. అమ్మడం సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకు రెండు నెలలు టైమివ్వండి అని అడిగాను. సరేనన్నారు.

ఆవిడ తండ్రి మెరీన్, అంటే ఓడల్లోంచి తీరం మీద దిగి పోరాడే అమెరికా దళం సైనికుడు. పోయి ముప్పై ఏళ్లు దాటింది. యుద్ధం గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదట. పిల్లలకి తెలిసింది ఒకే ఒక్క ముక్క: "నేను ఫిఫ్త్‌లో ఉన్నాను." 1945లో జపాన్ ద్వీపం ఐవో జిమాలో సురిబాచి కొండ మీద జెండా ఎగరేసినవాళ్లు 5వ మెరీన్ డివిజన్ (వేలమంది ఉండే పెద్ద దళం) వాళ్లు. దాన్నిబట్టి ఈ కుటుంబం మొత్తం ఆయన ఐవో జిమాలో పోరాడారనే నమ్ముతోంది. మనవడు స్కూల్లో దాని మీద వ్యాసం కూడా రాశాడట.

పెట్టెలో ఉన్నవి: ఆకుపచ్చ ఉన్ని కోటు ఒకటి, నూలు పని జాకెట్ ఒకటి, కాన్వాస్ హేవర్‌సాక్ (వీపున వేసుకునే సంచి), ఒక జత కాన్వాస్ లెగ్గింగ్స్, నీళ్ల సీసా గుడ్డ సంచి. ఉత్తరాలు గానీ ఫోటోలు గానీ లేవు. అంటే ఈ కథని గుడ్డే చెప్పాలి.

ఇవాళ చేసిందల్లా ఫోటోలు తీయడమే. ప్రతి వస్తువునీ తెల్ల దుప్పటి మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి, లోపలా బయటా తీశాను. ఏదీ ఉతకకూడదు, ఇస్త్రీ చేయకూడదు, బ్రష్ కూడా పెట్టకూడదని ఆవిడకి గట్టిగా చెప్పాను. ఎనభై ఏళ్ల నాటి సిరా ఒక్క ఉతుకుతో పోతుంది. పోయిందంటే మళ్లీ తేలేం.

ఒక సంగతి మాత్రం అక్కడే గమనించాను, ఆవిడతో అనలేదు. కోటు ఎడమ భుజం మీద ఉన్న ప్యాచ్ 5వ డివిజన్‌ది కాదు.

జనవరి 14

సంక్రాంతి. పొద్దున్నే తణుకుకి వీడియో కాల్ చేశాను. మా నాన్న నలభై ఏళ్లు దర్జీ పని చేసి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. పండగ కబుర్లయ్యాక కోటు చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి జరిగారు.

ప్యాచ్ ఇలా ఉంది: నీలం రంగు డైమండ్, మధ్యలో ఎర్రటి 1 అంకె, అంకె మీద నిలువుగా తెల్లటి అక్షరాల్లో 'గ్వాడల్‌కెనాల్', చుట్టూ అయిదు తెల్ల నక్షత్రాలు. ఆ నక్షత్రాలు దక్షిణార్ధగోళంలో కనిపించే సదర్న్ క్రాస్. ఇది 1వ మెరీన్ డివిజన్ గుర్తు. 5వ డివిజన్‌దైతే ఎర్రటి డాలు మీద బంగారు రంగు వి అక్షరం, దాన్ని చీల్చుకుంటూ పైకి లేచే నీలం ఈటెమొన ఉండాలి. రెండింటికీ పోలికే లేదు.

ఈ నీలం డైమండ్ పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. 1942 చివర, తాము పోరాడిన పసిఫిక్ ద్వీపం గ్వాడల్‌కెనాల్ నుంచి ఆస్ట్రేలియాకి విమానంలో వెళ్తున్నప్పుడు 1వ డివిజన్ అధిపతి జనరల్ వాండెగ్రిఫ్ట్‌కీ, ఆయన స్టాఫ్ ఆఫీసర్ మెరిల్ ట్వైనింగ్‌కీ మధ్య ఈ ఆలోచన నడిచింది. బ్రిస్బేన్‌లో దిగాక ట్వైనింగ్ ఒక నీటి రంగుల డబ్బా కొనుక్కుని, మలేరియాతో మంచం పట్టి ఉండగానే రకరకాల రంగుల్లో బొమ్మలు వేశారు. వాటిలో ఒకటి జనరల్‌కి నచ్చింది. యుద్ధం నుంచి బయటపడ్డ మనుషులు, ఒంట్లో జ్వరం దిగకముందే, తాము ఎక్కడ ఉండి వచ్చారో గుర్తుపెట్టుకోవడానికి గీసుకున్న బొమ్మ అది.

కానీ ప్యాచ్ ఉన్నంత మాత్రాన కుదరదు. తర్వాతెవరైనా కుట్టి ఉండొచ్చు. అందుకే నాన్నని అడిగాను.

"చెయ్యి తిప్పి లోపలి వైపు చూపించరా" అన్నారు. చూపించాను. "లైటు పక్కనుంచి పెట్టు, ఎదురుగా కాదు." పెట్టాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చేతి కుట్టు. తొందరగా కుట్టుకున్నాడు, కానీ ఒక్కసారే కుట్టాడు. ఇంకో వరస సూది పోట్లు లేవు. ప్యాచ్ చుట్టూ ఉన్నిలో రంగు తేడా కూడా లేదు చూడు. వేరేది తీసి ఇది పెట్టి ఉంటే, పాతదాని ఆకారం నీడలా కనపడాలి" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. అది ఈ ప్రాజెక్టు అంతటికీ పనికొచ్చేలా ఉంది, అందుకే ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. "మన చాకలి నల్లజీడి గింజ రసంతో కాలరు లోపల చుక్కలు పెట్టేవాడు, గుర్తుందా? ఆ గుర్తు ఏ ఇంటి బట్టో చెప్పేది. ఆ ఇంట్లో ఎవరి బట్టో చెప్పేది కాదు. మీ పెదనాన్న చొక్కాలన్నీ నేను తొడిగాను, గుర్తు మాత్రం అదే."

కోటు కుడి జేబు పైన ఇంకో చిన్న గుర్తుంది: రెక్కలు చాచిన డేగ, చుట్టూ ఉంగరం. గౌరవంగా డిశ్చార్జ్ అయి ఇంటికెళ్లే ప్రతి సైనికుడికీ ఇచ్చినది. అంటే ఆయన ఇంటికి తొడుక్కొచ్చిన కోటు ఇదే.

జనవరి 19

ఇవాళ హేవర్‌సాక్ పట్టాను. లోపలి ఫ్లాప్ మీద 'బాయ్ట్ 42' అని తయారీ ముద్ర. అయోవా రాష్ట్రం డి మోయిన్స్‌లో గుర్రపు జీన్లు, తోలు సామాన్లు చేసే కంపెనీ, యుద్ధకాలంలో మెరీన్లకి ఇలాంటి కాన్వాస్ సామాన్లు చేసి ఇచ్చింది. 42 అంటే సంవత్సరం. ఇది తయారీదారు ముద్ర మాత్రమే, దీన్ని యూనిట్ గుర్తనుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

అసలు సంగతి పట్టీ కింద ఉంది. పట్టీ దశాబ్దాలుగా మూసే ఉండటంతో అక్కడ గుడ్డ రంగు పోలేదు. చేత్తో, నల్ల సిరాతో రాసింది: ఎఫ్-2-5.

పెద్దావిడ అది సైజు నంబరనుకున్నారట. నేను చూడగానే కుర్చీలోంచి లేచాను. ఎందుకో రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియకనే చాలా కుటుంబాలు తమ తాతల కథని తప్పుగా చెప్పుకుంటున్నాయి.

డివిజన్‌లో రెజిమెంట్లు, రెజిమెంట్‌లో బెటాలియన్లు, బెటాలియన్‌లో కంపెనీలు ఉంటాయి. మెరీన్ల భాషలో అంకె పక్కన 'మెరీన్స్' అని ఊరికే అంటే రెజిమెంట్. 'ఫిఫ్త్ మెరీన్స్' అంటే 5వ మెరీన్ రెజిమెంట్. అది ఉన్నది 5వ డివిజన్‌లో కాదు, 1వ డివిజన్‌లో. 1వ డివిజన్ పదాతి రెజిమెంట్లు 1, 5, 7. ఫిరంగుల రెజిమెంట్ 11. 5వ డివిజన్‌లోవి 26, 27, 28, ఫిరంగులవి 13. ఆ డివిజన్ 1944 జనవరిలో గానీ ఏర్పడలేదు. 5వ రెజిమెంట్ మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన పాత రెజిమెంట్. ఆయన "ఫిఫ్త్‌లో ఉన్నాను" అన్నది నిజమే. వినేవాళ్లే డివిజన్ అనుకున్నారు.

ఇక ఎఫ్-2-5ని ఎడమ నుంచి చదవాలి: ఎఫ్ కంపెనీ, 2వ బెటాలియన్, 5వ రెజిమెంట్. ఈ వరస తప్పో ఒప్పో అక్షరమే చెప్తుంది. రెజిమెంట్ మొత్తానికీ కంపెనీల అక్షరాలు వరసగా నడుస్తాయి. మొదటి బెటాలియన్‌కి ఏ, బీ, సీ, డీ. రెండోదానికి ఈ, ఎఫ్, జీ, హెచ్. మూడోదానికి ఐ, కే, ఎల్, ఎం. మధ్యలో జే ఉండదు, చేత్తో రాస్తే ఐ లాగే కనపడుతుందని వదిలేశారు. డీ, హెచ్, ఎం బరువు ఆయుధాల కంపెనీలు. 1944లో సంస్థాగత పట్టిక మార్చినప్పుడు బెటాలియన్లలోంచి వాటిని తీసేశారు, మిగతా అక్షరాలు మాత్రం జరపలేదు. కాబట్టి ఎఫ్ ఉందంటే పక్కన 2 ఉండి తీరాలి. ఇక్కడ ఉంది. 'ఎఫ్-3-5' అని ఎవరైనా చూపిస్తే అది తప్పుగా చదివిందో, ఈ మధ్య రాసిందో అనుకోవచ్చు.

జనవరి 26

పేరుతో మస్టర్ రోల్స్ వెతికాను. అంటే హాజరు పట్టీలు. యూనిట్‌లో ఎవరున్నారు, ఎవరొచ్చారు, ఎవరు ఆసుపత్రికెళ్లారు అని టైప్ చేసి పంపినవి. 1798 నుంచి 1958 దాకా మెరీన్ కోర్‌వి స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆయన ఇంటిపేరు చాలా మామూలుది, ఆ పేరుతో వందలమంది ఉన్నారు. కానీ ఎఫ్ కంపెనీ, 2వ బెటాలియన్, 5వ మెరీన్స్ అని కుదించేసరికి ఒక్కరే మిగిలారు. గుడ్డ మీది నాలుగు సెంటీమీటర్ల సిరా చేసిన పని ఇది.

1942లో గ్వాడల్‌కెనాల్. 1943లో మెల్‌బోర్న్. 1943 డిసెంబర్‌లో న్యూ బ్రిటన్ ద్వీపం మీది కేప్ గ్లోస్టర్. 1944 సెప్టెంబర్‌లో పెలిలియూ అనే చిన్న పసిఫిక్ ద్వీపం. అక్కడ ఆయన పేరు పక్కన గాయపడ్డట్టు, ఓడ ఎక్కించి పంపినట్టు రాసి ఉంది.

పెలిలియూ గురించి తెలిసినవాళ్లకి ఆ ఒక్క మాట చాలు. సెప్టెంబర్ 15న దిగారు. నాలుగు రోజుల్లో ముగుస్తుందని చెప్పిన యుద్ధం నవంబర్ చివరి దాకా సాగింది. 5వ మెరీన్స్ రెండో రోజున, నీడన్నది లేని ఎండలో, విమానాశ్రయం రన్‌వేని అడ్డంగా దాటుకుంటూ వెళ్లారు. ఎదురుగా గుట్టల్లోంచి ఫిరంగులు.

సాయంత్రం వెళ్లి చెప్పాను. ఆయన ఐవో జిమాలో లేరండీ, అప్పటికి గాయపడి బయటికొచ్చేశారు అని. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మనవడి వ్యాసం గుర్తొచ్చి నాకు బాధేసింది. తర్వాత ఆవిడే, "వేసవిలో ఆయన చొక్కా విప్పేవారు కాదు. మేం సిగ్గనుకునేవాళ్లం" అన్నారు. పెలిలియూ అన్న పేరు కాగితం మీద రాసివ్వమన్నారు.

ఫిబ్రవరి 2

లెగ్గింగ్స్, నీళ్ల సంచి. సైజు ముద్రలు, అరిగిన యూఎస్ఎంసీ (అమెరికా మెరీన్ కోర్) అక్షరాలు. యూనిట్ గుర్తేమీ లేదు. టిష్యూలో చుట్టి పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 8

నూలు జాకెట్. ఇన్నాళ్లూ దీన్ని చివరికి పెట్టుకున్నాను. వీపు మీది గుర్తు మిగతా వాటితో కలవడం లేదని మొదటి రోజే తెలుసు.

ముందు జాకెట్ అసలుదేనా? 1941 నవంబర్ 10న, మెరీన్ కోర్ పుట్టినరోజున, ఈ నమూనా ఖాయమైంది. సేజ్ ఆకు రంగు, చేపముల్లు నేత, ముందు నాలుగు లోహపు గుండీలు, కింద రెండు జేబులు, ఎడమ రొమ్ము మీద ఒక జేబు, దాని మీద నల్ల సిరాతో యూఎస్ఎంసీ అక్షరాలు, డేగ-భూగోళం-లంగరు ముద్ర. గుండీల అంచున 'యూఎస్ మెరీన్ కోర్' అని ఉబ్బెత్తు అక్షరాలు. జీన్స్ గుండీల్లా కొట్టి బిగించినవి. ఆర్మీ వాళ్ల ఇదే నేత జాకెట్లకైతే నక్షత్రాల గుండీలుంటాయి. ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన సీరియల్ నంబరు చివరి నాలుగు అంకెలు ఉండే ఉతుకుల గుర్తు కూడా ఆర్మీదే. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అన్నీ సరిపోయాయి.

వీపు మీద, రెండు రెక్కల మధ్య, ఒక అర్ధవృత్తం. లోపల అంకెలు. చాలా వెలిసిపోయాయి.

అర్ధవృత్తం 4వ మెరీన్ డివిజన్‌ది. యుద్ధం చివరి ఏళ్లలో మెరీన్లు యూనిట్ పేర్లు బట్టల మీద రాయడం మానేశారు. దొరికిన జాకెట్‌ని బట్టి ఎదురుగా ఏ యూనిట్ ఉందో శత్రువు తెలుసుకోగలడు. అదే సమయంలో, తీరం మీద వందల పెట్టెలు, సంచులు కుప్ప పడుంటే ఏది ఎవరిదో తమకి తెలియాలి. అందుకని డివిజన్‌కో ఆకారం, ఆ ఆకారంలో రెజిమెంట్, బెటాలియన్, కంపెనీ చెప్పే అంకెలు. తెలిసినవాడికి చిరునామా, తెలియనివాడికి ఒక గీత.

లోపలి అంకెలు ఇక్కడ రాయను. వాటిని చూసి స్టెన్సిల్ కోసి, గుర్తు లేని పాత జాకెట్ల మీద ముద్ర వేసి నాలుగింతల ధరకి అమ్మేవాళ్లున్నారు.

ఆ కారణానే దీన్ని కూడా అనుమానించి చూశాను. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద చేపముల్లు నేత పొలం గట్లలా కనిపిస్తుంది, గట్టు, పల్లం, గట్టు, పల్లం. తొడిగిన జాకెట్‌కి వీపు మీద గట్లు అరుగుతాయి. ఆనాడు వేసిన సిరా అయితే గట్లతో పాటే అరిగిపోయి, పల్లాల్లో మాత్రమే మిగలాలి. అరిగిన గుడ్డ మీద ఈ మధ్య వేసిన సిరా అయితే తెగిన నూలు పోగుల కొనలకి కూడా నలుపు అంటుకుంటుంది, గట్ల మీదా నిలుస్తుంది. ఇక్కడ గట్ల మీద తెగిన పోగులన్నీ శుభ్రంగా, లేత రంగులో ఉన్నాయి. నలుపంతా పల్లాల్లోనే. అర్ధవృత్తం కింది అంచు మీదుగా ఒక చిరుగు, దానికి రఫూ. రఫూ దారం మీద సిరా లేదు. గుర్తు ముందు, చిరుగు తర్వాత.

గుర్తు నిజమైనదే. మరి 1వ డివిజన్ మనిషి పెట్టెలో 4వ డివిజన్ జాకెట్ ఎందుకుంది? ఆసుపత్రి నుంచి బయటికొచ్చినవాళ్లకి చేతికి దొరికిన బట్టలిచ్చేవాళ్లు. అదే అయ్యుంటుందని రాత్రి నోట్స్‌లో రాసుకుని పడుకున్నాను.

ఫిబ్రవరి 16

పోయినసారి రాసుకున్నది కొట్టేశాను.

కాలరు లోపల మామూలు కంటికి ఏదో మరకలా ఉండే చోటుంది. పాత డిజిటల్ కెమెరా ఒకటి నా దగ్గర ఉంది, సెన్సార్ ముందుండే పరారుణ ఫిల్టర్ తీయించింది. లెన్స్‌కి 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టి, హాలోజెన్ బల్బు వెలుతురులో తీశాను. పరారుణ కాంతిలో ఇలాంటి ఆకుపచ్చ అద్దకం చాలావరకు తేలిపోయి గుడ్డ పాలిపోయినట్టు కనిపిస్తుంది. మసితో చేసిన నల్ల సిరా మాత్రం ఆ కాంతిని కూడా పీల్చేసుకుని నల్లగానే ఉంటుంది. చెమట మరకలు మాయమై సిరా ఒక్కటే నిలుస్తుంది.

మొదటి మూడు ఫోటోల్లో ఏమీ లేదు. నాలుగో దానికి కాలరుని చేత్తో లాగి బిగించి, బల్బుని పక్కకి జరిపాను. స్క్రీన్ మీద అక్షరాలు తేలాయి. రెండు ఇనీషియల్స్, తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరులో రెండో అక్షరం, చివరిది పోయాయి. మిగిలిన నాలుగూ స్పష్టం.

అది ఆవిడ తండ్రి పేరు కాదు. ఒక్క అక్షరం కూడా కలవదు.

నాన్నకి ఫోటో పంపాను. "చెప్పానా, ఒకే ఇంటి బట్టలై ఉంటాయి" అని వెంటనే ఫోన్ చేశారు. ఒకే ఇల్లు ఎలా అవుతుంది నాన్నా, ఇంటిపేరే వేరు అన్నాను. "ఇంటిపేరు వేరైతే ఆడవాళ్ల వైపు చూడు" అన్నారు.

ఫిబ్రవరి 22

ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆవిడకి చూపించాను. నేనేమీ చెప్పకముందే ఖాళీ అక్షరాలు ఆవిడే పూరించారు. వాళ్లమ్మ పుట్టింటి పేరు. ఆ ఇనీషియల్స్ వాళ్ల మేనమామవి.

మేనమామ కూడా మెరీనే అని తెలుసట, కానీ ఆవిడ చిన్నప్పుడే పోయారు. అమ్మానాన్నలు ఎలా కలిశారని అడిగితే "మా అన్నయ్య తీసుకొచ్చాడు" అనేదట అమ్మ.

అక్కడే కూర్చుని 4వ డివిజన్ మస్టర్ రోల్స్ తెరిచాం. 23, 24, 25 రెజిమెంట్లలో వెతకాలి. వీపు మీది అంకెలున్నాయి కాబట్టి ఒక్క కంపెనీలోనే చూశాం. రెండో పేజీలో పేరు దొరికింది. 1945 ఫిబ్రవరిలో ఐవో జిమా. 4వ డివిజన్ ఫిబ్రవరి 19న 5వ డివిజన్‌కి కుడి పక్కన దిగింది. జెండా ఎగిరిన కొండ వైపు కాదు, రాతి క్వారీ వైపు.

అంటే ఇంట్లో ఐవో జిమా అన్న మాట ఊరికే రాలేదు. ఎవరో ఒకరు అక్కడ ఉన్నారు. పెద్దవాళ్ల నోట ఎప్పుడో విన్న ఆ ద్వీపం పేరుని, "ఫిఫ్త్" అన్న మాటని పిల్లలు కలిపి ఒకే మనిషికి తొడిగారు. ఒకే పెట్టెలో రెండు బట్టలు ఉన్నట్టే.

ఆవిడ జాకెట్‌ని మొదటిసారి చేత్తో ముట్టుకున్నారు. ఇన్నాళ్లూ దాన్ని తండ్రిది అనుకుని చూశారు. "ఇది మామయ్యది. అమ్మ దాచింది" అన్నారు. నేను బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను.

మార్చి 1

ఇద్దరి సర్వీసు ఫైళ్ల కోసం సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి ఎస్ఎఫ్-180 ఫారాలు పంపాం. 1973లో ఆ భవనంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు లక్షలకి లక్షలు కాలిపోయాయి. మెరీన్ల ఫైళ్లు ఆ మంటల్లో పడలేదు. సర్వీసు వదిలి 62 ఏళ్లు దాటినవి ఎవరైనా అడగొచ్చు.

అమ్మకం మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ఆమ్లం లేని అట్టపెట్టెలు రెండు తెచ్చాను. ఒకదానిలో కోటు, హేవర్‌సాక్. ఇంకోదానిలో జాకెట్. లెగ్గింగ్స్, నీళ్ల సంచి ఎవరివో తేలలేదు, వాటిని వేరే కవర్లో పెట్టి "గుర్తు లేదు" అని రాశాను. పెట్టెల మీద పేర్లు మాత్రం ఆవిడనే రాయమన్నాను. పెన్సిల్‌తో, పెద్ద అక్షరాల్లో రాశారు. తండ్రి పేరు కింద "ఎఫ్-2-5, పెలిలియూ" అని. మేనమామ పేరు కింద చిన్న అర్ధవృత్తం గీశారు.

జాకెట్ మడిచేటప్పుడు ఆ గీత మీద మడత పడకుండా మధ్యలో టిష్యూ చుట్ట పెట్టాను. మనవడు వచ్చే శనివారం వస్తాడట, వ్యాసం వెంట తెస్తానన్నాడట. భూతద్దం వాళ్లింట్లోనే వదిలి వచ్చాను.